ఆషాఢంలోనే మొదలుపెట్టాల్సిన గోలి

"అక్కా, నెల తప్పింది. బలం గోలీలు ఇయ్యి."

దేవరకొండలో బస్టాండు దగ్గరి మందుల షాపులో పదకొండేళ్లుగా కౌంటర్ వెనక నిలబడుతున్నాను. ఈ మాట వారానికి రెండు మూడుసార్లయినా వింటాను. కొత్త కోడళ్లు వస్తారు, వెంట అత్తమ్మో ఆడబిడ్డో ఉంటారు. కొందరు చందంపేట వైపు తండాల నుంచి ఆటో ఎక్కి వస్తారు. "ఎన్ని దినాలైంది?" అని అడుగుతాను. "పదిహేను దినాలు అయితుండొచ్చు" అంటారు. గోలీలు ఇస్తాను. ఇస్తూనే లోపల క్యాలెండర్ తిప్పుకుంటాను. ఎక్కువసార్లు తేలేది ఒకటే: ఫోలిక్ యాసిడ్ గోలి చేయాల్సిన అసలు పనికి గడువు ముగిసిపోయింది.

ఆ లెక్క ఒకసారి మీరూ వేసుకోండి. నెలసరి మొదలైన రోజును 1 అనుకుందాం. 28 రోజులకోసారి సరిగ్గా వచ్చే వాళ్లకు 14వ రోజు అటూ ఇటూగా గర్భం నిలుస్తుంది. 28వ రోజు దాటినా రాదు. "మొన్న యాదగిరిగుట్టకు పోయొస్తిమి, వేడి చేసి ఉంటది" అనుకుంటూ వారం గడుస్తుంది. 35వ రోజు. మా దగ్గరికో ఆశా దగ్గరికో మనిషిని పంపి కిట్ తెప్పించుకుంటుంది, రెండు గీతలు పడతాయి. ఆయన హైదరాబాద్‌లో డ్రైవింగ్ పనిలో ఉంటాడు, శనివారం వస్తాడు, అప్పుడు చెప్తుంది. 40. మంగళవారం దవాఖానకు వద్దు, గురువారం పోదాం అంటుంది అత్తమ్మ. 44 లేదా 45. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపు మూసుకుపోతుంది. మన క్యాలెండర్‌లో అది 42వ రోజు.

మోదుగాకు దొప్ప కుట్టడం చూసే ఉంటారు. ఆకు అంచులు రెండూ దగ్గరికి తెచ్చి పుల్ల గుచ్చితేనే దొప్ప నిలుస్తుంది. బిడ్డ వీపు వైపు మొదట ఉండేది కూడా ఒక బల్లపరుపు పొరే. దాని అంచులు పైకి లేచి, కలిసి, గొట్టంలా మూసుకుంటాయి. పైకొస మూసుకోకపోతే మెదడు, పుర్రె పైభాగం ఏర్పడవు. కింది భాగంలో ఎక్కడైనా తెరిచి ఉండిపోతే వెన్ను చీలిక, స్పైనా బైఫిడా అంటారు. కాళ్లలో బలం ఉండకపోవచ్చు, మూత్రం మీద పట్టు ఉండకపోవచ్చు. ఆ రోజుల్లో కణాలు ఎంత వేగంగా రెట్టింపవుతాయంటే, వాటికి కావాల్సిన ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ గోలి ఒంటికి అందించే విటమిన్) తల్లి ఒంట్లో అప్పటికే నిల్వ ఉండాలి. ఈ రోజు మింగితే రేపటికి నిండే కుండ కాదది. అందుకే కనీసం నెల ముందు నుంచి వేసుకోమంటారు.

ఇదంతా నేను డి.ఫార్మసీ పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి. ఇంట్లో మాత్రం చెప్పలేదు. నేను షాపులో చేరిన ఏడాదే మా అన్న లగ్గమైంది. దసరాకు వచ్చిన వదిన, అప్పుడే రాయించుకున్న స్ట్రిప్ నాకు చూపించి "మంచిదేనా?" అంది. పదో వారం. "మంచిదే వదినా, రోజూ వేసుకో" అన్నాను. లెక్క వేయాలన్న ఆలోచన కూడా రాలేదు. ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌లో పుర్రె పైభాగం లేదన్నారు. ఇంట్లో పెద్దలు గ్రహణం నాడు కూరగాయలు తరిగావా అని అడిగారు. వదిన పుట్టిల్లు మర్రిగూడ వైపు కాబట్టి నెపం ఫ్లోరైడ్ నీళ్ల మీదికి కూడా పోయింది (మా జిల్లాలో ఎవరికి ఏం జరిగినా ముందు పోయేది అక్కడికే). నేను నోరు విప్పలేదు. గోలి ముందే వేసుకుని ఉంటే తప్పకుండా బాగుండేదని నేననను, అలా ఎవరూ చెప్పలేరు. వేసుకున్న వాళ్లలోనూ ఒక్కోసారి జరుగుతుంది. కానీ చెప్పాల్సిన మనిషిని ఇంట్లోనే ఉండి చెప్పకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అప్పటి నుంచి కౌంటర్ దగ్గర అడగని వాళ్లకు కూడా చెప్తున్నాను.

ఎప్పుడు మొదలుపెట్టాలి అనేదానికి మన పద్ధతిలోనే ఒక మంచి గుర్తు ఉంది: ఆషాఢం. లగ్గమైన మొదటి ఏడాది పిల్ల పుట్టింటికి వస్తుంది, అత్తా కోడలు ఒక గడప దాటకూడదంటారు. ఆషాఢంలో కడుపు పండితే కాన్పు నడి ఎండల్లో వస్తుందని పెద్దలు పెట్టిన ఎడబాటు అంటారు కదా. కారణం ఏదైనా కానీ, మనకు కావాల్సిన నెల రోజులు అక్కడ దొరుకుతాయి. పిల్ల తల్లి దగ్గర ఉంటుంది, ఎవరి కంటా పడకుండా గోలి అలవాటవుతుంది, శ్రావణంలో తిరిగి పోయేనాటికి ఒంట్లో నిల్వ ఉంటుంది. మాఘంలోనో వైశాఖంలోనో లగ్గం పెట్టుకుని, పిల్లలు అప్పుడే వద్దనుకోని వాళ్లు ఆషాఢం దాకా ఆగకండి, లగ్గానికి నెల ముందే మొదలుపెట్టండి. శుభలేఖలు పంచే రోజుల్లో పెళ్లికూతురి చేతికి ఫోలిక్ యాసిడ్ ఇవ్వడం వింతగా అనిపించొచ్చు. పసుపు రాయడానికి ముందే బ్యూటీ పార్లర్‌కు నెల ప్యాకేజీ మాట్లాడుకుంటున్నాం, ఇదేం వింత?

భర్త పూణేకో బొంబాయికో వలసపోయి పండుగకు వచ్చేవాడైతే ఆయన బస్సు టికెట్ తీసుకునేదాకా చూడకండి. బతుకమ్మకు వస్తాడంటే వినాయక చవితికి ముందే మొదలుపెట్టండి. కాపర్-టీ తీయించుకోవాలనుకున్నా, గర్భనిరోధక మాత్రలు ఆపాలనుకున్నా అంతే, ఆ పనికి నెల ముందు. రెండో బిడ్డప్పుడు చాలామంది మరిచిపోతారు. "మొదటిసారి వేసుకున్న కదక్కా" అంటారు. ఆ నిల్వ ఇప్పటిదాకా ఉండదు. ప్రతి గర్భానికీ మళ్లీ మొదటి నుంచే.

ఇక ఏ గోలి? ఇక్కడే ఎక్కువ గందరగోళం. మామూలుగా ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లకు రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు. స్ట్రిప్ మీద అది 400 ఎంసీజీ అని గానీ 0.4 ఎంజీ అని గానీ ఉంటుంది, రెండూ ఒకటే. వెయ్యి మైక్రోగ్రాములైతే ఒక మిల్లీగ్రాము. మా షాపుల్లో ఎక్కువగా దొరికేది, డాక్టర్లు ఎక్కువగా రాసేది మాత్రం 5 ఎంజీ. అంటే పన్నెండున్నర రెట్లు. డాక్టరమ్మ రాసిచ్చిన 5 ఎంజీ చూసి భయపడి ఆపేయకండి. ఫోలిక్ యాసిడ్ నీళ్లలో కరిగే విటమిన్, ఎక్కువైంది చాలావరకు మూత్రంలో పోతుంది. కానీ చీటీ లేకుండా మీ అంతట మీరు కొనుక్కుంటే 400 మైక్రోగ్రాములున్నదే అడగండి. కారణం బి12. మాంసం, గుడ్డు ముట్టని వాళ్లకు బి12 తక్కువగా ఉండే అవకాశం ఉంది. ఆ లోపం ఉన్నప్పుడు పెద్ద మోతాదు ఫోలిక్ యాసిడ్ రక్తాన్ని బాగున్నట్టు చూపిస్తుంది, లోపల నరాల దెబ్బ మాత్రం సాగుతూనే ఉంటుంది. శాకాహారులు ఒకసారి బి12 పరీక్ష చేయించుకుంటే మంచిది.

రంగురంగుల డబ్బాల్లో ఎల్-మిథైల్‌ఫోలేట్ అని, ఫోలేట్‌లోనే ఇంకో రూపం, ఖరీదైన గోలీలు కూడా వస్తాయి. అమ్మితే మాకు లాభం ఎక్కువే. అయినా చెప్తున్నాను, గొట్టం సరిగ్గా మూసుకోవడానికి పనిచేస్తుందని పరీక్షల్లో రుజువైనది మామూలు ఫోలిక్ యాసిడే. ఒట్టి ఫోలిక్ గోలి రోజు ఖర్చు బస్టాండులో ఒక చాయ్ కన్నా తక్కువ.

డాక్టర్‌ను కలవకుండా మొదలుపెట్టకూడని వాళ్లు కొందరున్నారు. అంతకుముందు వెన్ను చీలిక లాంటి లోపంతో బిడ్డ పోయిన వాళ్లు. భార్యాభర్తల్లో ఎవరికైనా, వాళ్ల దగ్గరి రక్తసంబంధంలో ఎవరికైనా ఆ లోపం ఉన్నవాళ్లు. షుగర్ ఉన్నవాళ్లు. తలసీమియా, సికిల్ సెల్ లాంటి రక్తపు జబ్బులు ఉన్నవాళ్లు. ఫిట్స్‌కు మందులు వాడేవాళ్లు, ముఖ్యంగా వాల్‌ప్రోయేట్. వీళ్లకు 400 సరిపోకపోవచ్చు, 4 లేదా 5 ఎంజీ రాస్తారు. 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఏడు దేశాల్లో చేసిన పరీక్ష ఫలితాలు బయటికొచ్చాయి. అలాంటి గర్భం ఒకసారి వచ్చిన తల్లులకు ముందు నుంచే రోజుకు 4 మిల్లీగ్రాములు ఇస్తే, మళ్లీ అదే జరగడం 72 శాతం తగ్గింది. మా వదినకు రెండోసారి 5 ఎంజీ రాసింది కూడా అందుకే, మూడు నెలల ముందు నుంచి. ఫిట్స్ మందు వాడే వాళ్లకు ఇంకో మాట: కడుపు వస్తుందని భయపడి ఆ మందు మీరే ఆపేయకండి. ఫిట్ వస్తే తల్లికీ బిడ్డకూ ముప్పు. మందు మార్చాలో వద్దో ముందే డాక్టర్‌తో తేల్చుకోండి.

కీళ్లవాతానికో సోరియాసిస్‌కో వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకునే వాళ్లయితే ఇంకా పైలం. అది ఫోలేట్ పనికి అడ్డుపడే మందు. గర్భం అనుకోవడానికి కొన్ని నెలల ముందే డాక్టర్ చెప్పిన ప్రకారం ఆపాలి. ఈ మందు చీటీతో వచ్చిన పెళ్లికాని ఆడపిల్లలకు కూడా నేనీ మాట ఒకసారి చెవిలో వేస్తాను. విచిత్రమేమంటే ఈ రెండు మందుల వెనకా ఉన్నది ఒకే తెలుగాయన. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధన బృందాన్ని నడిపారు. ఫోలిక్ యాసిడ్‌ను 1945లో ప్రయోగశాలలో తయారు చేసింది ఆ బృందమే, తర్వాత దానికి అడ్డుపడే మందులు తయారు చేసిందీ వాళ్లే. పేరుకు మూలమైన ఫోలియం అంటే లాటిన్‌లో ఆకు. 1941లో అమెరికాలోనే పాలకూర నుంచి తీసి ఆ పేరు పెట్టారు.

ఆకు అనగానే వచ్చే ప్రశ్న తెలుసు. "మంచిగ ఆకుకూరలు తింటే సాలదా బిడ్డా? మేం ఏ గోలీలు మింగినం?" అంటారు పెద్దమ్మలు. తినాల్సిందే పెద్దమ్మా. పాలకూర పప్పు, పుంటికూర, బొబ్బర్ల గుడాలు, శనగ గుడాలు, పెసర్లు, పల్లీలు. మన నల్లగొండ, పాలమూరు వంటింట్లో ఫోలేట్‌కు కొదవ లేదు. కానీ కూరలోది గోలిలో ఉన్నంత తేలిగ్గా ఒంటికి పట్టదు. పైగా వేడికి పోతుంది, నీళ్లలోకి దిగుతుంది. పాలకూరను తరిగాక కడిగి, ఉడకబెట్టి, ఆ నీళ్లు వంపేస్తే ఫోలేట్‌లో చాలా భాగం మోరీ పాలే. ముందు కడిగి తర్వాత తరగండి, కొద్ది నీళ్లలో మూత పెట్టి వండండి, గుడాలు ఉడికిన నీళ్లతో చారు పెట్టుకోండి. ఇన్ని చేసినా రోజూ 400 మైక్రోగ్రాములకు సాటి వచ్చిందని లెక్క తేల్చడం కష్టం.

రేషన్‌లో ఫోర్టిఫైడ్ బియ్యం వచ్చినప్పుడు అందులోనూ ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. నీళ్లలో తేలే ఆ గింజలను ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తారు కొందరు. అవి బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన గింజలే. నిబంధన ప్రకారం కిలోకు 75 నుంచి 125 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉండాలి. మనిషికి నెలకు ఆరు కిలోలంటే రోజుకు 200 గ్రాములు, అందులో ఉండేది 15 నుంచి 25 మైక్రోగ్రాములు. పారేయకండి, అదే చాలనీ అనుకోకండి.

సర్కారు దవాఖానలో, ఆశా దగ్గర వచ్చే గోలీలతో ఒక తికమక ఉంది. బడికి పోయే ఆడపిల్లలకు వారానికోసారి ఇచ్చే నీలం గోలి, పెద్దవాళ్లకు ఇచ్చే ఎర్ర గోలి, రెండింట్లోనూ 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. గర్భిణులకు ఎర్ర గోలి రోజూ ఒకటి నాలుగో నెల నుంచి 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు. మొదటి మూడు నెలలకు ఇవ్వాల్సింది ఒట్టి ఫోలిక్ యాసిడ్, 400 మైక్రోగ్రాములది. ఏఎన్‌ఎంను ఆ పేరుతోనే అడగండి. ఇంట్లో ఆడబిడ్డ మిగిల్చిన ఎర్ర గోలి రెండో నెలలో మింగి, వాంతులు ఎక్కువై, "నాకు గోలీలు పడవు" అని మొత్తానికే మానేసిన వాళ్లను చాలామందిని చూశాను. వికారం పెంచేది ఐరన్, ఫోలిక్ కాదు. మలం నల్లగా రావడం కూడా ఐరన్ వల్లే, బిడ్డ నల్లగా పుట్టడానికి దానికీ సంబంధం లేదు. రక్తం బాగా తక్కువగా ఉంటే డాక్టర్ ముందే ఐరన్ రాయొచ్చు, అప్పుడు ఆ మాటే వినండి.

అంగన్‌వాడీలో 2015 నుంచి పెడుతున్న ఆరోగ్యలక్ష్మి భోజనం, గుడ్డు, పాలు చాలా మంచివి. కానీ అది మొదలయ్యేది గర్భిణిగా పేరు రాయించుకున్నాక. మన గొట్టం అప్పటికి మూసుకుని ఉంటుంది. ముందటి నెల మాత్రం మీ చేతుల్లోనే ఉంది.

వేసుకోవడానికి పెద్ద నియమాలేం లేవు. తిన్నాక గానీ తినకముందు గానీ, రోజూ ఒకే వేళకు. ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండు వద్దు, ఒకటే. డబ్బాలో దాస్తే మరిచిపోతారు. వదిన ఉపాయం నాకు బాగా నచ్చింది: స్ట్రిప్‌ను అద్దం దగ్గర బొట్టుబిళ్లల ప్యాకెట్‌కు రబ్బరు వేసి కట్టింది. బొట్టు పెట్టుకోని రోజు లేదు, గోలి తప్పిన రోజూ లేదు. వంటింట్లో పొయ్యి పక్కన, కిటికీ ఎండలో మాత్రం పెట్టకండి.

ఇంకో సమస్య జనం నోరు. పెళ్లై ఏడాది కాలేదు, షాపులో ఫోలిక్ యాసిడ్ అడిగితే పక్కన నిల్చున్న చిన్నమ్మ "ఏమన్న విశేషమా?" అని ఊరంతా చాటుతుంది. దానికి జవాబు: "జుట్టు రాలుతుంది చిన్నమ్మా, బి విటమిన్." ఫోలిక్ యాసిడ్ అంటే బి9, ఆ మాట వరకు అబద్ధం కూడా కాదు. స్ట్రిప్ ఫోటో తీసి ఫోన్లో చూపించినా మాకు అర్థమవుతుంది, పేరు పైకి చదవనక్కర లేదు.

ఆలస్యంగా తెలిసిన వాళ్ల సంగతి. నెల తప్పిన తర్వాతే ఇది చదువుతున్నారా? టెన్షన్ పడకండి, ఈ రోజే మొదలుపెట్టి పన్నెండో వారం దాకా వేసుకోండి. గడువు ఇంకా ఉందేమో ఎవరికి తెలుసు, నెలసరి అటూ ఇటూ అయ్యే వాళ్లకు మన క్యాలెండర్ లెక్క మారుతుంది. గొట్టం మూసుకుపోయినా రక్తం పట్టడానికి ఫోలేట్ కావాలి. ముందు వేసుకోని వాళ్లలో చాలా ఎక్కువమందికి బిడ్డలు బాగానే పుడుతున్నారు, నాకూ మొదటి వాడు అలాగే పుట్టాడు. 18 నుంచి 20 వారాల మధ్య టిఫా స్కాన్ మాత్రం దాటవేయకండి. ఏదైనా తేడా వస్తే ఆ అమ్మాయిని గ్రహణం గురించీ, తిన్నదాని గురించీ ఆరా తీయకండి.

పోయిన ఆషాఢంలో మా పక్క ఫ్యాన్సీ షాపుకు గోరింటాకు కోన్ల కోసం తల్లీబిడ్డా వచ్చారు. పిల్ల చేతికి ఇంకా లగ్గం గాజులే. తల్లి మా కౌంటర్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "బిడ్డ శ్రావణంలో అత్తగారింటికి పోతది, నువ్వు ఎవరికో చెప్పినవంట గదా, గా ఆకు గోలి ఇయ్యి" అంది. 400 ఎంసీజీ గోలీల స్ట్రిప్‌లు మూడు తీసి, మొదటి దాని వెనక మార్కర్‌తో ఆ రోజు తేదీ రాసి ఇచ్చాను. గాజుల బాక్స్‌లో దాచబోతున్న పిల్లకు బొట్టుబిళ్లల ముచ్చట చెప్పాను.